తింతాను, కొమెరియా

“తినీసి ఎల్లు మావా.”

“వచ్చి తింతాన్లా. మూసి ఎట్టు.”

ఇంతే. నాకూ మా ఆయనకీ మధ్య ఆఖరి మాటలు ఇవే. పోయేముందు ఏమన్నాడు, ఏం చెప్పాడు అని చాలామంది అడిగారు. ఏదో పెద్ద మాట చెప్పి ఉంటాడని వాళ్ల ఆశ. చద్దన్నం గురించి అన్నాడని చెప్తే మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

ఆ రోజు కొట్టులో చట్నీకి కొబ్బరి చాల్లేదు. కాయలు అమ్మే చోటికి వెళ్లి ఒక బస్తా వేసుకొస్తానని ఆయన మోటార్‌సైకిలు తీశాడు. చద్దన్నం, వేయించిన నెత్తళ్ల చేపలు పళ్లెంలో పెట్టి ఉన్నాయి. వచ్చి తింటానన్నాడు కదా అని దాని మీద ఇంకో పళ్లెం బోర్లించాను. అక్కడ కాయలు ఏరుతూ వంగినవాడు వంగినట్టే పడిపోయాడట. గుండె అన్నారు. కాయలు అమ్మే చీనా ఆయన ఫోన్ చేసి మలాయ్‌లో చెప్పాడు. కంగారులో సగమే చెప్పాడు. సగం చాలింది.

ఆ పళ్లెం ఎవరు తీశారో, ఎవరు కడిగారో నాకు తెలియదు. ఇంటినిండా మనుషులు. మళ్లీ నేను వంటింట్లోకి వెళ్లేసరికి రెండు పళ్లేలూ శుభ్రంగా చెక్క మీద ఆరుతున్నాయి.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నిద్రలో చెయ్యి కింద పడి మొద్దుబారితే, దాన్ని గిల్లి చూసుకుంటాం చూడండి, గిల్లడం కంటికి కనబడుతుంది తప్ప లోపలికి తెలియదు. మనిషంతా అలా ఉంది. నూనె చుక్క మణికట్టు మీద పడితే పడిందని చూశాను, అంతే. పొక్కిన తర్వాత కూతురు చూసి మందు రాసింది.

ఇది రాస్తున్నది నా కూతురి కూతురు. కౌలాలంపూరులో కాలేజీలో చదువుతోంది. దానికి తెలుగు అక్షరాలు వచ్చు, మాటలు సరిగ్గా రావు. అక్కడ తెలుగు సంఘం వాళ్లు ఆదివారాలు పెట్టే బడిలో దిద్దుకుంది. నాకు మాటలు వచ్చు, అక్షరాలు రావు. బాగన్ దాతుక్ కొబ్బరి తోటలో పుట్టాను. తోట బడిలో నాలుగు తమిళం అక్షరాలు నేర్చుకునేసరికి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావలసి వచ్చి ఇంటికి పిలిచేశారు. సంతకం వరకు పెడతాను. నేనూ, అదీ కలిస్తే ఒక చదువుకున్న మనిషి అవుతాం.

నేను సేసినాను అంటే అది చేశాను అని రాస్తోంది. పుస్తకంలో అలాగే ఉండాలట. సరే రాసుకోమన్నాను. మనుషులు ఎదురెదురుగా అన్న మాటలు మాత్రం వచ్చినవి వచ్చినట్టే రాయమన్నాను. ఆయన మాట ఒకదాన్ని ఇది ఒకసారి మార్చేసింది. ఆ సంగతికి వస్తాను.

మాకు కౌలా సెలంగోరులో, క్లాంగు బస్సు ఆగే చోట, చిన్న కొట్టు ఉంది. పొద్దున్నే ఇడ్లీ, తోసె, వడ. పిండి నాది, పెనం నాది. టీ ఆయనది. పై నుంచి కిందికి అంత పొడుగున టీ లాగి పోస్తూ, బస్సు కోసం నిలబడ్డ వాళ్లందరినీ ఏదో ఒకటి అనేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ కొట్టే మా బతుకు. కాని లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. ఆయన పోయాక పట్టణ ఆఫీసు నుంచి మాట వచ్చింది. నెలాఖరులోగా లైసెన్సు నా పేరుకి మార్పించుకోవాలి. లేదా తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చేస్తే ఆ చోటు కోసం కాచుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, మళ్లీ మనకి రాదు.

తెరవాలా, మూసెయ్యాలా. ఇదొక్కటే తేలవలసింది.

నా కొడుకు క్లాంగులో ఫ్యాక్టరీలో పని చేస్తాడు. దినాలు అయిన మర్నాడే ఆ మాట ఎత్తాడు.

“నాన్న ఉంటే మూసీసీవోడమ్మా. ‘సాల్లేయే, నడుం ఇరిగిపోతంది, కొడుకింటికి పోదాంలా’ అనీవోడు.”

నా కూతురు ఊరుకోలేదు. “ఏటి మూసీసీవోడు? నాన్న ఉంటే నడిపీవోడు. ‘మీ యమ్మ ఊరికే కూకుంటే పిచ్చెక్కిపోద్దిలా’ అనీవోడు.”

“నీకు సెప్పినాడేటి?”

“నీకు సెప్పినాడేటి?”

ఇద్దరూ ఆయన గొంతు పెట్టి మాట్లాడారు. ఇక్కడ అందరూ మాట చివర తగిలించేదే, ఆయన ముక్కు చీదినట్టు అనే ఆ “లా” కూడా ఇద్దరికీ అచ్చంగా వచ్చింది. నేను గోడకి ఆనుకుని కూర్చుని ఒకసారి వాడి వైపు, ఒకసారి దాని వైపు చూశాను. ఇద్దరు తండ్రులు దెబ్బలాడుకుంటున్నట్టు ఉంది. ఆఖరికి ఇద్దరూ నా మీద పడ్డారు.

“నువ్వు సెప్పమ్మా. నాన్న ఉంటే ఏటనీవోడు?”

తెలియదన్నాను. వాళ్లు నమ్మలేదు. ఇన్నేళ్లు కలిసి బతికినదానికి తెలియకపోవడం ఏమిటి అనుకుని ఉంటారు. నిజంగానే తెలియదు. కొట్టు మూసే మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. మేము మాట్లాడుకున్నవన్నీ పిండి పులిసిందా, పాలు వచ్చాయా, వాన పట్టేలా ఉందా, ఇలాంటివే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే పంచాయితీ. ఈ మనవరాలు కాలేజీ సెలవులకి నా దగ్గరికి వచ్చింది. వాళ్లమ్మ పంపించింది, నాకు తోడని. తోడు ఏమీ లేదు, పొద్దస్తమానం వెనక గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతూ తనలో తను గొణుక్కునేది. ఒక పొద్దున నేను కోరు పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నాను. కొట్టు మూసి ఉంది. అయినా రాత్రి పప్పు నానబెట్టడం నా చేతులు మానలేదు. తెల్లారితే రుబ్బేసి, వడలు వేసి, పక్కింటి వాళ్లకి పంచేసేదాన్ని. వాళ్లు కూడా వద్దనలేక తీసుకునేవారు.

దాని గొణుగుడు చెవిలో పడింది.

“ఏటే గుంటా, పొద్దుట్నుంచి తెరియా, తెరియా అంతన్నావు. ఏటి తెరియాదు నీకు?”

తమిళంలో తెరియా అంటే తెలియదని. ఇక్కడ మేమందరం సగం తమిళమే మాట్లాడతాం కదా.

అది ఆగి నన్ను చూసింది. “అమ్మమ్మా, అది తమిళ్ కాదులా. స్పానిష్. కొమెరియా.”

“అలగంటే?”

“తినడం. నో, నో. తినడం అంటే కొమేర్. కొమెరియా అంటే…” దానికి తెలుగు మాట దొరకలేదు. చేతులు గాలిలో తిప్పింది. “ఇఫ్ ఉంటే. ఉంటే తింటా. బట్ లేదు.”

“ఉంటే తినీదాన్ని.”

“యెస్! అదే. తినీదాన్ని.”

కాలేజీలో ఒక పరభాష నేర్చుకోవాలట. ఇది స్పానిషు తీసుకుంది. రాసే పరీక్ష బాగానే రాసింది. నోటితో చెప్పే పరీక్షలో పంతులమ్మ ఎదురుగా కూర్చుని, మీ ఇంట్లో పండగైతే ఏం వండుతావు, ఎవరిని పిలుస్తావు అని ఈ తెరియా మాటల్లోనే అడిగిందట. దీని నోరు పడిపోయింది. ఒక్క మాట రాలేదు. గంట కొట్టేదాకా బల్ల వైపు చూస్తూ కూర్చుంది. తాత పోయిన నెలలోనే ఆ పరీక్ష. మళ్లీ రాయనిస్తారు, ఈసారి కూడా పోతే ఆ చదువు ఒక ఏడు వెనక్కి పోతుంది.

నోరు పడిపోవడం నాకు తెలుసు. కొబ్బరి చిప్ప మార్చి, “నన్నడుగు. నాను నీకు ఎదురు సెప్తాను,” అన్నాను.

“నీకు స్పానిష్ ఎలా వస్తుంది?”

“మలాయ్ ఎలగొచ్చింది? బస్సు కాడ నిలబడితే వచ్చింది.”

అలా మొదలైంది. అది చెప్పడం, నేను అనడం. కొమెరియా, కొమెరియాస్, కొమెరియా, కొమెరియామోస్, కొమెరియాయిస్, కొమెరియాన్. కోరు పీట మీద చెయ్యి ఎలా తిరుగుతుందో అలా తిరిగేవి. ‘రీ’ అన్న చోట గట్టిగా లాగాలట. టీ లాగినట్టా అని అడిగాను. అలాగే లాగమంది.

ఆ భాషలో చాలా చోట్ల మాటని తెగ్గొట్టి, మిగిలిన మొండానికి తోక అంటిస్తారట. ఈ తెరియా మాటల్లో మాత్రం ఏమీ తెగ్గొట్టరు. కొమేర్ మొత్తం ఉంటుంది, చివరన ‘ఇయా’ వచ్చి అతుక్కుంటుంది. మాట్లాడ్డానికి అబ్లార్, దానికి అదే తోక, అబ్లరియా. తెరవడానికి అబ్రీర్, అబ్రిరియా. మూయడానికి సెర్రార్, సెర్రరియా. జంతికల గొట్టంలో ఏ పిండి వేసినా అదే చిల్లుల్లోంచి దిగినట్టు, ఏ మాట వేసినా అదే తోకతో దిగుతుంది. కొన్ని మొండి మాటలు ఉన్నాయి కాని వాటి జోలికి పోవద్దంది.

“బతకడానికి?” అని అడిగాను.

“బిబీర్,” అంది. తర్వాతది చెప్పలేదు. దానికి వచ్చని నాకు తెలుసు. నాకూ అప్పటికి వచ్చేసింది, తోక అంటిస్తే చాలు కదా. ఇద్దరం అనలేదు. అది వెళ్లి నీళ్లు తాగి వచ్చింది.

మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే నాకు ఒకటి తట్టింది. ఆ ఆరు మాటల్లో మొదటిదీ మూడోదీ ఒకలాగే ఉన్నాయి. నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను.

“గుంటా, నాను తినీదాన్ని అంటే ఏటి?”

“కొమెరియా.”

“మీ తాత తినీవోడు అంటే?”

“కొమెరియా.”

“మరి రెండూ ఒకటే కదే.”

“ఒకటే అమ్మమ్మా. ఐ, హీ, షీ, అందరికీ సేమ్. ఎవరో తెలియాలంటే ముందు పెట్టాలి. నేను అయితే యో. తాత అయితే ఎల్.”

“ఎట్టకపోతే?”

“ఎవరి మాటో తెలియదు.”

“తెరియా,” అన్నాను.

అది పడీపడీ నవ్వింది. ఆయన పోయాక మా ఇంట్లో అంత పెద్ద నవ్వు అదే. నేను కూడా నోరు తెరిచాను కాని నవ్వు లోపలి నుంచి రాలేదు. తడి చీర చేతిలో పట్టుకుని అలా నిలబడ్డాను. తెలుగులో అయితే ఆడో మగో, నేనో ఆయనో, మాట చివరే చెప్పేస్తుంది. తినేదాన్ని, తినేవాడు. దాక్కోవడానికి చోటు లేదు. ఆ భాషలో నాదీ ఆయనదీ ఒకే మాట. పెళ్లాం మొగుడు ఒకే పళ్లెంలో తిన్నట్టు ఉంది.

ఈ మాటని మర్యాదకి కూడా వాడతారట. నాకు ఇది ఇవ్వు అని అడిగే బదులు, ఇస్తారా ఏమిటి అన్నట్టు మెత్తగా అడగడానికి.

“అలగైతే మీ మావ మర్యాదకి అంతన్నాడేమో, నాన్న ఉంటే మూసీసీవోడని,” అన్నాను.

“మావయ్యకి మర్యాద ఎక్కడ ఉంది అమ్మమ్మా?”

ఇది రాయొద్దు అంటోంది. రాయి, పర్వాలేదు. వాడు చదవడులే.

పరీక్షకి ఒకటి తయారు చేసుకుని రమ్మన్నారట, ఇంట్లో ఒక మనిషి గురించి. ఇది తాత గురించి చెబుతానంది. నన్ను కూర్చోబెట్టి, తాత ఏం తినేవాడు అని అడిగింది. నేను చెబుతుంటే ముందు తెలుగులో రాసుకుంది.

“మీ తాత పొద్దున్నే సద్దన్నం తినీవోడు. నిలబడే తినీవోడు. నెత్తళ్లుంటే ఇంకేటీ అడగడు.”

అది కలం ఆపింది. “అమ్మమ్మా, ఏ తినీవోడు?”

“ఏటి ఏ తినీవోడు?”

“బిఫోర్, రోజూ తినేవాడు, అదా? అది కొమియా. లేకపోతే ఇప్పుడు ఉంటే తినేవాడు, అదా? అది కొమెరియా. స్పానిష్‌లో రెండు వేరు.”

నేను అన్నదాన్ని మళ్లీ లోపల అనుకుని చూశాను. మీ తాత సద్దన్నం తినీవోడు. రెండూ అదే మాట. రోజూ తిన్నదీ అదే, ఇక తిననిదీ అదే. పుట్టిన దగ్గర్నుంచి మాట్లాడుతున్నాను, ఈ మాటకి రెండు తలుపులు ఉన్నాయని ఎప్పుడూ చూడలేదు. ఏ తలుపులోంచి అన్నానో నాకే తెలియలేదు.

“ఏదో ఒకటి ఎట్టు,” అన్నాను.

“ఏదో ఒకటి పెట్టకూడదులా. మార్కులు పోతాయి.”

“కొమియా ఎట్టు మరి. తిన్నాడు కదా. అది ఎవులూ కాదనరు.”

తర్వాత ఆఖరి రోజు సంగతి చెప్పాను. ఏం రాశావు చదవమంటే చదివింది. “తాత వచ్చి తినేవాడు” అని రాసింది. రాలేదు కాబట్టి, వస్తే తినేవాడు కాబట్టి, అలా రాయడమే సరి అనుకుంది. దాని తప్పు కాదు. కొమెరియా, కొమెరియా అని రోజంతా నోట్లో నానుతోంది.

“అది మీ తాత మాట కాదు,” అన్నాను. “వచ్చి తింతాను అన్నాడు. తింతాను.”

“బట్ తినలేదు కదా అమ్మమ్మా.”

“తినలేదు. తింతాను అన్నాడు. ఉంటే, గింటే ఏటీ నేదు అందులో. మీ బాసలో అది ఏటి?”

“కొమెరే.”

“అంతేనా?”

“అంతే. కొమేర్, తర్వాత చిన్న ఎ.”

కొమెరే. అన్నాను. మళ్లీ అన్నాను. నోట్లో చిన్నగా ఉంది. ఆయన మోటార్‌సైకిలు తొక్కి స్టార్టు చేస్తూ, వెనక్కి చూడకుండా అన్న మాట ఎంత ఉందో అంతే ఉంది. అది కొట్టేసి, తింతాను అని తిరగరాసింది. నేను అక్షరం చదవలేను కాని కొట్టేసిన గీత కనబడింది.

ఆ ఆదివారం కొడుకూ కూతురూ వచ్చారు. నెలాఖరు దగ్గర పడింది. భోజనాలకి కూర్చున్నారు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది, నీళ్లు తాగుతూ తిన్నారు. చేతులు కడుక్కున్నాక మొదలైంది.

“నాన్న ఉంటే ఈపాటికి ఆపీసుకెళ్లి లైసెన్సు ఇచ్చీసీవోడు,” అన్నాడు కొడుకు.

“నాన్న ఉంటే నిన్ను సీపురట్టుకు కొట్టీవోడు,” అంది కూతురు.

నేను అన్నాను, “ఒరే అబ్బీ. నాన్న అన్న మాట తీసీసి, నాను అని ఎట్టి సెప్పు.”

“ఏటమ్మా?”

“నాన్న మూసీసీవోడు అంతన్నావు కదా. అదే మాట నాను అని సెప్పు. నువ్వు కూడానే.”

వాళ్లు నావైపు చూసి, తర్వాత మనవరాలి వైపు చూశారు, అమ్మకి ఏమైంది అన్నట్టు. అది తల వంచుకుని పుస్తకం తిప్పుతోంది. పెదాలు కదులుతున్నాయి. యో, ఎల్ అనుకుంటోందని నాకు తెలుసు.

“నానైతే… మూసీసీవోణ్ణి,” అన్నాడు కొడుకు. గొంతు తండ్రిది పోయి వాడిది వచ్చింది. “నువ్వొక్కదానివీ ఇక్కడ… సీకట్నే లెగిసి, ఆ నూనె కాడ. నాకు పన్లో ఉంటే బయమేస్తదమ్మా. పోనొస్తే బయమేస్తది.”

కూతురు చెంగు నలుపుకుంటూ కూర్చుంది. “నానైతే నడిపీదాన్ని,” అంది. “కొట్టు మూసీస్తే నాన్నకి ఇంక నిలబడ్డానికి సోటు నేదు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. తర్వాత కొడుకు లేచి, చెల్లెలి గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాడు. అది తాగింది. దెబ్బలాట అయిపోయింది. ఏదీ తేలలేదు కాని, ఇంట్లో ఆయన గొంతు ఆగిపోయింది. ఆయన మాట్లాడని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడు మొదటిసారి విన్నాను.

వాళ్లు బయల్దేరుతుంటే మనవరాలు నా పక్కన కూర్చుని, పరీక్షలో పంతులమ్మ అడిగినట్టు మర్యాదగా అడిగింది. “అమ్మమ్మా. అబ్రిరియాస్? సెర్రరియాస్?”

తెరుస్తావా, మూస్తావా, నువ్వైతే. అప్పటివరకు ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. నాన్న ఏమనేవాడు అన్నారు, నాన్నకి ఎలా ఉండేది అన్నారు. అడిగింది కదా అని నాలో వెతికి చూశాను. తెరవాలని లేదు. మూయాలని లేదు. ఆకలి వేస్తోందా అని అడిగితే పొట్ట ఎక్కడుందో వెతుక్కున్నట్టు ఉంది.

“తెరియా,” అన్నాను. ఈసారి అది నవ్వలేదు.

మర్నాడు దాన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియకుండానే వెళ్లాను. చెప్పకపోతే నెల గడిచిపోతుంది, గడిచిపోతే మూసేసినట్టే, అది నేను చెప్పినట్టు కూడా కాదు. కిటికీ అవతల చిన్న పిల్ల, తలకి తెల్ల గుడ్డ. కాగితాలు తిరగేసి, ఆయన పేరు చూసి, కొంచెం తల వంచింది. తర్వాత మలాయ్‌లో అడిగింది.

“మక్ చిక్, మహు సంబుంగ్?”

పెద్దమ్మా, కొనసాగింపు కావాలా అని. సంబుంగ్ అంటే అతకడం, తెగినచోట నుంచి మళ్లీ కలపడం. తాడుకీ అదే మాట, కరెంటుకీ అదే, లైసెన్సుకీ అదే.

మలాయ్‌లో ఒక సుఖం ఉంది. మకన్ అంటే మకనే. తిన్నాను అన్నా మకన్, తింటాను అన్నా మకన్, తినేదాన్ని అన్నా మకన్. నేనో, ఆయనో, రోజూ తిన్నామో, ఇక తినమో, ఏ తోకా అడగదు. పొద్దున్నే బస్సు కోసం వచ్చే మలాయ్ ఆయన ఒకడు, సుదా మకన్, తిన్నారా అని మమ్మల్నే ముందు అడిగి అప్పుడు టీ చెప్పేవాడు. దానికి జవాబు కూడా సుదా, అయింది, అనే ఒక్క మాట. తినకపోయినా అదే అనేవాళ్లం.

ఆ పిల్ల నా వైపు చూస్తోంది. నా చేతులు కిటికీ చెక్క మీద ఉన్నాయి. పొద్దున్నే రుబ్బిన పిండి గోళ్లలో ఎండిపోయి ఉంది. నేను దాన్నే చూశాను. ఈ చేతులు నన్నడిగి పప్పు నానబెట్టలేదు.

“సంబుంగ్,” అన్నాను.

సంతకం పెట్టమంది. పెట్టాను. బయటికి వచ్చాక మనవరాలు నా భుజం పట్టుకుంది. నేనేదో గొప్ప పని చేసినట్టు చూసింది. నాకేమీ అనిపించలేదు. ఎండగా ఉంది, గొడుగు తెచ్చుకోవలసింది అనుకున్నాను. కొడుక్కి మనవరాలే ఫోన్ చేసింది. వాడు, నూనె మూకుడు ఎత్తొద్దని చెప్పు, ఎత్తడానికి మనిషిని నేను చూస్తాను అన్నాడట. అలాగే ఒక ఆవిడని పంపాడు. పనిమంతురాలే.

కొట్టు తెరిచాను. టీ పోసే చోట ఇప్పుడు ఆవిడ నిలబడుతుంది. లాగి పోయడం రాదు, దగ్గరగా పోస్తుంది. నురగ తక్కువగా ఉందని ఎవరూ అనరు. మలాయ్ ఆయన మొదటి రోజు వచ్చి, ఆ చోటు చూసి, సుదా మకన్ అని నన్ను అడిగాడు. సుదా అన్నాను. తోసె తీసుకుని బస్సెక్కాడు.

మనవరాలు పరీక్షకి వెళ్లి వచ్చింది. పంతులమ్మ ఈసారి తాత గురించే అడిగిందట. తాత ఈ రోజు మీ ఇంటికి వస్తే ఏం తింటాడు అని. నోరు పడిపోలేదట.

“ఏటి సెప్పినావు?”

“ఎల్ కొమెరియా… చద్దన్నం. దానికి స్పానిష్ లేదు అమ్మమ్మా, నిన్నటి అన్నం అన్నాను. నెత్తళ్లు కూడా చెప్పాను.”

“నిలబడి తినీవోడని సెప్పినావా?”

“చెప్పాను. అది కొమియాతో చెప్పాను.”

“ఎల్ అని ముందు ఎట్టినావా?”

“పెట్టాను.”

మంచి పని చేసింది. లేకపోతే నేను తింటానని అనుకుంటారు. మార్కులు ఇంకా రాలేదు.

ఆ పళ్లేలు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి బోర్లించలేదు, మామూలుగా పేర్చి పెట్టాను. చద్దన్నం ఇప్పుడు నేను తింటున్నాను, కొట్టుకి వెళ్లేముందు, నిలబడి. రుచి తెలియదు. పొట్టలో బరువు తెలుస్తుంది. అది చాలు.

ఇంక చెప్పడానికి ఏమీ లేదు. కలం కింద పెట్టకు ఉండు.

ఒలే గుంటా, ఆ మొదట్న మీ తాత మాట ఎలగ రాసినావు? తింతాను అనే ఉందా, మళ్లీ నీ పుస్తకం మాట ఎట్టీసినావా? నాకు సదవడం రాదు కదా. ఏదీ, మొదట్నుంచి ఒకసారి సదువు, ఇంతాను.